నూట నలభై గీతలు

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో మిషన్ల నంబర్లు నిజమైనవి కావు. టైములు కూడా అటూ ఇటూ జరిపాను. అలా జరపడం నాకు నేర్పింది మా అక్క. సొంత అక్క కాదు, తోడికోడలు, మా ఆయన అన్నగారి భార్య. పద్నాలుగేళ్లుగా ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే ఫ్యాక్టరీకి వెళ్తున్నాం. అందులో మొదటి పదేళ్లూ ఆవిడంటే నాకు ఒళ్లుమంట.

ఆవిడ చెడ్డదని కాదు. మాట్లాడదు, అంతే. నాకేమో నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి నేను వాగుతూనే ఉంటాను, ఆవిడ దారపు ముక్క ఒకటి పళ్ల మధ్య పెట్టుకుని నములుతూ "ఊఁ" అంటుంది. పోట్లాటకి దిగినా అదే "ఊఁ". ఎదుటి మనిషి తిరిగి ఒక్క మాటైనా అనకపోతే పోట్లాడినదానికి తృప్తేముంటుంది చెప్పండి?

ఒకే ఒక్కసారి మాట అంది, అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అదొక వానాకాలం. నేను తడిబట్టల బకెట్ పట్టుకుని మేడ మీదికి ఎక్కుతుంటే మెట్ల మధ్యలో ఎదురొచ్చి బకెట్ లాక్కుంది. "నీకు పిండటం రాదు. మెట్లన్నీ తడిపేస్తున్నావు. ఇటివ్వు" అంది, అత్తగారూ మగవాళ్లూ అందరూ వింటుండగా. ఒక్కరోజా? మూడు వారాలు. రోజూ అదే మాట, రోజూ బకెట్ లాక్కోవడం. చిన్నప్పట్నుంచీ బట్టలతోనే బతుకుతున్నదాన్ని, నాకు పిండటం రాదట! ఆ సంగతి మా ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. "పోనీలే, బరువు తప్పింది కదా" అన్నాడాయన. మగవాళ్లకి అవమానం బరువు తెలియదు.

మాది చొక్కాలూ గౌన్లూ కుట్టే ఫ్యాక్టరీ. రేకుల కప్పు కింద పెద్ద హాలు, ఏడు వరసలు, వరసకి ఇరవై మిషన్లు. ఎవరి మిషన్ వాళ్లదే. ఏళ్ల తరబడి అదే కుర్చీ, అదే పెడలు. మాలో మేము నంబర్లతోనే పిలుచుకునేవాళ్లం. "ఇరవై రెండూ, కత్తెర ఇలా ఇవ్వు" అంటే ఇరవై రెండు ఇచ్చేది. నాది ఎనభై ఎనిమిది. అక్కది ముప్ఫై ఒకటి. ఆ మిషన్ మీద పదకొండేళ్లు కుట్టింది. ఎడమచేతి చూపుడువేలి గోరు మధ్యలో ఇప్పటికీ తెల్లటి చుక్క ఉంటుంది, సూది గోరులోంచి దిగిన గుర్తు.

ఒక ఏడాది ప్రతి మిషన్‌కీ అగ్గిపెట్టంత పెట్టె బిగించారు. నిమిషానికి ఎన్ని కుట్లు పడ్డాయో అది లెక్కపెట్టి కంప్యూటర్‌కి పంపిస్తుంది. తెర మీద మిషన్‌కో గీత. కుడుతుంటే గీత పైకి లేస్తుంది, ఆగితే కింద పడుతుంది. బిగించిన ఇంజినీరు మమ్మల్ని పిలిచి చూపించాడు. మేమంతా తెల్లముఖాలు వేశాం. అక్క మాత్రం ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని, "పద్నాలుగుది సూది మొద్దుబారింది" అంది.

ఇంజినీరు నవ్వాడు. మా మెకానిక్ నవ్వలేదు. ఆయన్ని హాల్లో అందరూ నూనెడబ్బా అంటారు, చేతిలో అది లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి. వెళ్లి పద్నాలుగు సూది ఊడదీసి, మొన వేలితో తడిమి, అక్కడి నుంచే అరిచాడు. "మొద్దే! ఎలా చెప్పావమ్మా?"

అక్క వరసగా చెప్పుకుంటూ పోయింది. "ఈవిడ కొత్త చెప్పులేసుకుంది, పెడలు మీద కాలు జారుతోంది. ఈవిడది ఎడమచేతివాటం. ఈవిడకి మెడ పట్టేసింది, ప్రతి అతుకు చివరా ఆగుతోంది." వెళ్లి చూస్తే అన్నీ నిజమే. ముక్కున వేలేసుకున్నాం. వారం తిరక్కుండా ఆవిడని మిషన్ మీంచి లేపి మెట్ల కింద చిన్న గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. అప్పట్నుంచి హాలంతటికీ ఆవిడ గీతలమ్మ.

రోజూ పొద్దున నూట నలభై గీతలూ చూసేది. ఏదైనా ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తే ఆ గీత కాగితం మీద అచ్చు తీసి, మూల పెన్సిల్‌తో ఒక ముక్క రాసి నూనెడబ్బాకి ఇచ్చేది. "సూది మార్చాలి." "బెల్టు ఈ వారం తెగుతుంది, కొత్తది వెయ్యాలి." "నూనె చాలు." ఆయన పని ముగించి కాగితం వెనక్కి తెచ్చిస్తే, నెలవారీగా కట్టలు కట్టి అలమారలో పెట్టేది. ఆ కాగితాల మీద ఎవరిది తప్పో ఎప్పుడూ ఉండేది కాదు, ఏం చెయ్యాలో మాత్రమే ఉండేది.

నాకు దగ్గరి చూపు మందగించాక మిషన్ నుంచి చెకింగ్ బల్లకి మార్చారు. ఆ బల్ల అక్క గది పక్కనే. మధ్యాహ్నం గంట కొట్టాక ఇద్దరం ఆ గదిలోనే తినేవాళ్లం. ఒకరోజు ఆవిడే నోరు తెరిచి, "ఇది చూడు" అంది. తెర మీద పాత రోజు ఒకటి. మధ్యాహ్నం నాలుగు దాటాక నూట నలభై గీతలూ నేలకి పడిపోయి ఉన్నాయి.

"కరెంటు పోయిందా?" అన్నాను.

"కరెంటు పోతే అన్నీ ఒకేసారి పడతాయి. ఇవి చూడు, ఒకటో వరస ముందు, తర్వాత రెండు, తర్వాత మూడు..."

అప్పుడు తెలిసింది. హాల్లోకెల్లా పెద్దాయన, ముప్ఫై ఏళ్లు కాలర్లు కుట్టిన మనిషి, ఆఖరిరోజు సంచీ భుజాన వేసుకుని వరసల మధ్య నడిచి వెళ్లిపోయాడు. ఆయన దాటుతున్న వరసల్లో ఒక్కొక్కరూ మిషన్ ఆపి లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ఆ నడక అక్కడ ఉంది, ఆయన అడుగుల వేగంతో సహా. మనం మర్చిపోయిన క్షణాన్ని కూడా ఒక పెట్టె గుర్తుపెట్టుకుని కూర్చుంటుందని నాకు ఆరోజు వరకూ తట్టలేదు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడే. బయట కాలేజీ వాళ్లెవరో, మిషన్ చెడిపోయే ముందే చెప్పే ప్రోగ్రాం రాస్తామన్నారట. దానికి ఏడాది పాటు నిమిషం నిమిషానికీ ఉన్న గీతలన్నీ కావాలట. అక్కని పిలిచి నెల రోజుల్లో సిద్ధం చెయ్యమన్నాడు. "ఇంకో కాపీ మన సిబ్బంది ఆఫీసుకివ్వండి. పర్మనెంటు జాబితా తీసే ముందు వాళ్లూ చూసుకుంటారు" అన్నాడు.

అక్క ఆరోజు అన్నం సగంలో వదిలేసింది.

ఆ జాబితా సంగతి చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లని ఏడాది చూసి పర్మనెంటు చేస్తారు. చంటిబిడ్డ తల్లి అని తెలిస్తే మాత్రం ఆ జాబితాలోకి రాదు, ఏడాది కాగానే ఇంటికే. ఇది ఏ కాగితం మీదా రాసి ఉండదు గానీ హాల్లో చీమకి కూడా తెలుసు.

ఆ ఆదివారం పొద్దున్నే అక్క మగవాళ్లనీ నా కొడుకునీ బయటికి తరిమేసి, ముందుగదిలో మంచాల మీదా నేల మీదా నూట నలభై కాగితాలు పరిచింది. మిషన్‌కో కాగితం, ఒక్కో దాని మీద ఒక వారం.

"ఇందులో ఒక్క గీత నేను సరిచేశాను. అదేదో పట్టుకో" అంది.

"నేనా? నాకేం తెలుసు గీతల సంగతి?"

"ఎవరింట్లో ఏం జరిగినా ముందు నీకే కదా తెలిసేది. నీ కంట్లో పడకపోతే ఇంకెవరి కంట్లోనూ పడదు."

తిట్టిందో మెచ్చుకుందో తేల్చుకోలేకపోయాను. టీ గ్లాసు పట్టుకుని మంచాల చుట్టూ ఒక్క తిరుగుడు తిరిగాను. టీ ఇంకా చల్లారలేదు, వేలు పెట్టి చూపించాను. "ఇదే. అరవై మూడు."

అక్క ముఖం పాలిపోయింది. "ఎలా?"

"అందరివీ పాత దువ్వెనల్లా ఎక్కడో ఒక పన్ను ఊడి ఉన్నాయి. మంచినీళ్లకి లేస్తారు, బాత్‌రూముకి లేస్తారు, పక్కదానితో కబుర్లాడతారు. ఇది చూడు, గంట కొట్టింది మొదలు గంట కొట్టేదాకా ఎక్కడా ఆగలేదు. ఇది మనిషేనా?"

అక్క కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "రఫూ మరీ బాగా కుదిరింది. అదే తప్పు" అంది. బట్టకి చిల్లు పడితే కనిపించకుండా నింపడం మా విద్య. అందులో మా అక్కని మించినవాళ్లు లేరు. అరవై మూడు గీతలో పడిన చిల్లులన్నీ అలాగే పూడ్చేసింది. చుట్టూ ఉన్న బట్టంతా పాతదని మర్చిపోయింది. ఇలాంటి పొరపాటు దర్జీలకి తప్ప ఇంకెవరికీ రాదు.

మర్నాడు హాల్లో అరవై మూడు వైపు చూశాను. చూడకుండా ఉండటం నా వల్ల కాదు. సన్నటి పిల్ల, ఎవరితోనూ కలవదు. పది దాటాక, మిషన్ వదిలి లేవాలంటే సూపర్‌వైజర్ ఇచ్చే టోకెన్ తీసుకుని, గుడ్డ సంచీ ఒకటి గుండెలకి అదుముకుని, గుడ్డపీలికల స్టోరు వైపు వెళ్లింది. తిరిగొచ్చేటప్పటికి ముఖం తేటపడి ఉంది. నాకేదో తోచింది, కానీ తోచనట్టే ఉండిపోయాను.

ఆ వారం అక్క ఇంకో పద్ధతి పట్టింది. ఆగిన చోట్లు పూడ్చలేదు, ప్రతిరోజూ రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ జరిపింది. మళ్లీ ఆదివారం. "నంబరు నీకు ఎలాగూ తెలిసింది. ఇక నీ దగ్గర దాచటం నిన్ను అవమానించడమే. కానీ ఇది నీ కడుపులోనే ఉండాలి" అంది. ఒట్టు పెట్టించుకోలేదు. పెట్టించుకుని ఉంటే నాకు కోపం వచ్చేది.

అరవై మూడువే ముప్ఫై రోజుల కాగితాలు చేతికిచ్చింది. విడివిడిగా చూస్తే ఏమీ తెలియలేదు. విసుగొచ్చి అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగైదుగా కిటికీ అద్దానికి ఆనించాను. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. వెలుతురు కాగితాల్లోంచి వచ్చేసరికి పది గంటల చోట ఒక మచ్చ, మూడు గంటల చోట ఒక మచ్చ. అంచులు అలికినట్టున్నాయి గానీ మచ్చలు మచ్చలే.

"రోజూ కొంచెం కదిపితే చాలదక్కా. రోజులన్నీ కలిసి చాడీ చెప్పేస్తున్నాయి."

అక్క నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నన్ను అంత శ్రద్ధగా అంతకుముందు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. లోపలికి వెళ్లి అసలు కాగితాలు తెచ్చింది, కదపనివి. నెలకో వారం చొప్పున ఆరు. వరసగా పరిచింది.

మొదటి నెల కాగితంలో గీత పదికి పడింది, భోజనం గంట తర్వాత మళ్లీ మూడుకి పడింది, నాలుగున్నరకి ఇంకోసారి. ఒక్కోటీ పద్నాలుగు నిమిషాలు. మూడో నెలకి నాలుగున్నరది మాయమైంది. పద్నాలుగు నిమిషాలు పదయ్యాయి. ఐదో నెలలో పది గంటలది పదిన్నరకి జరిగింది. ఆరో నెలలో మూడుకి ఆగడం రెండు రోజులకోసారి అయింది, అదీ ముందు తొమ్మిది నిమిషాలు, వారం చివరికి ఏడు.

నేనూ ఒక కొడుకుని పెంచినదాన్నే. ఆ కాగితాల ముందు నేల మీద కూలబడిపోయాను. పాలు చేపుకొచ్చి ఉండబట్టలేక స్టోరులో గుడ్డ మూటల వెనక పిండి పారబోసుకుని వస్తోంది ఆ పిల్ల. ఇంటి దగ్గర బిడ్డ నెల నెలా పెరుగుతోంది, నిద్ర సాగుతోంది, పాలతో పాటు అన్నం ముద్ద మొదలైంది. ఆ బిడ్డ ఈ ఫ్యాక్టరీ గుమ్మం కూడా తొక్కలేదు. అయినా ఎదుగుదలంతా ఇక్కడ ఉంది, కుట్టుమిషన్ గీతలో. లోకంలో ఇంత వింత ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. భయం కూడా వేసింది. నాకు కనిపించింది సిబ్బంది ఆఫీసువాళ్లకి కనిపించదా? వాళ్లూ పిల్లల తండ్రులే కదా.

"ఆ పిల్లకి నీకు తెలుసని తెలుసా?" అన్నాను.

"తెలియదు. తెలియక్కర్లేదు."

"మరి ఏం చేద్దాం?"

అక్క నోట్లో దారపు ముక్క నములుతూ కూర్చుంది. మూలన నా కుట్టుబుట్టలో సగం కుట్టిన చిన్న గౌను ఉంది, పక్కింటి పాప కోసం. లేచి వెళ్లి అది తీసింది. నడుము దగ్గర నేను వేసిన కుచ్చులన్నీ దారం లాగి విప్పేసింది.

"అయ్యో, గంట పట్టింది నాకు!"

"చూడు. రెండు చివర్లూ గుండుసూదులతో బిగిద్దాం. ఇది పొద్దున గంట, ఇది సాయంత్రం గంట, మధ్యలో ఇది భోజనం గంట. ఇవి కదలవు, ఇవి అందరికీ ఒకటే. ఇప్పుడు మధ్యలో కుచ్చులు..." అంటూ వేళ్లతో ఒకచోట గుడ్డ దగ్గరికి నెట్టింది, ఇంకోచోట సాగదీసింది. గుడ్డ మీది పువ్వు ఒకటి పావు జానెడు పక్కకి వెళ్లింది. "గుడ్డ తగ్గలేదు, పెరగలేదు. ముందున్న పువ్వు ముందే ఉంది, వెనకది వెనకే ఉంది. కానీ ఏ పువ్వు ఎక్కడుండేదో ఇప్పుడు నువ్వు చెప్పలేవు."

"రేపు?"

"రేపు ఇంకోలా. ఎల్లుండి ఇంకోలా. ఎలా అన్నది నేను కూడా అనుకోకూడదు. చీటీ తీసినట్టు రావాలి."

"అరవై మూడుకేనా?"

"ఒక్కదానికే చేస్తే మళ్లీ వేలెత్తి చూపించినట్టే. నూట నలభైకీ."

పది రోజులు పట్టింది. పదో తరగతి చదివిన మనిషి. కంప్యూటర్‌కి చీటీలు తియ్యడం వచ్చని ఎక్కడో తెలుసుకుని, పట్టికలో గడి గడికీ లెక్క రాసుకుంది. రెండు మూడు నిమిషాలు కాదు, గంటా గంటన్నర దాకా జరిగిపోయే కుచ్చులు. ఒకరు పన్నెండు నిమిషాలు ఆగింది ఏడవుతుంది, ఇంకొకరి నాలుగు తొమ్మిదవుతుంది. ప్రతి మిషన్‌కీ ప్రతిరోజుకీ వేరే చీటీ. మళ్లీ ఆదివారం నా పరీక్ష. పొద్దున్నుంచి ఎండ పడమటి కిటికీలోకి వచ్చేదాకా కాగితాలు పేర్చాను, తిప్పాను, అద్దానికి ఆనించాను. అరవై మూడు ఎక్కడా దొరకలేదు. ముప్ఫై రోజులు కలిపి చూస్తే అందరిదీ ఒకటే బూడిదరంగు. నేను ఓడిపోయి అంత సంతోషించింది ఆ ఒక్కరోజే.

ఇంకో పరీక్ష నూనెడబ్బాకి. ఆ ఏడాది బెల్టులు తెగిన ఆరు మిషన్ల కాగితాలు, కుచ్చులు పెట్టినవి, మామూలు కాగితాల్లో కలిపి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఐదు తీశాడు. "గీత నీరసపడిపోతోంది చూడు, ఇది బెల్టే. ఆరోది దొరకట్లేదమ్మా."

"మొన్న నేనిచ్చిన కుచ్చులు లేని కాగితాల్లో కూడా మీకు ఐదే దొరికాయి బాబాయ్" అంది అక్క. ఆవిడ నవ్వడం నేను చూశాను. మిషన్ రోగం దాని నడకలో ఉంటుంది, అది గడియారంతో ముడిపడినది కాదు. మనిషి గుట్టు గడియారంలో ఉంటుంది. ఇంత పెద్ద సంగతిని ఆవిడ గౌను కుచ్చుల్లోంచి లాగింది.

ఇదంతా చాటుగా ఇచ్చేసి ఊరుకోవచ్చు కదా అన్నాను. "చాటుగా ఇస్తే అది దొంగలెక్క" అని, కాగితాల కట్ట నా చేతుల్లో పెట్టి మేనేజరు గదికి తీసుకెళ్లింది.

ఆయన విన్నాడు. కుర్చీలో వెనక్కి వాలాడు. "పేర్లు తీసేశాం కదమ్మా. ఉన్నవి నంబర్లేగా?"

"నంబరు దగ్గర కూర్చునేది మనిషేగా సార్. ఎవరు ఎక్కడ కూర్చుంటారో హాల్లో అందరికీ తెలుసు."

"అంటే ఎవరిదో దాస్తున్నావన్నమాట." గొంతు మారింది. "ఎవరిది?"

అరవై మూడు అన్న మాట నా నాలుక చివరే ఉన్నట్టనిపించి పెదాలు బిగించాను.

"నూట నలభై మందిదీ దాస్తున్నాను సార్" అంది అక్క. "మిషన్లకి సంబంధించింది ఒక్కటీ పోలేదు. మెకానిక్‌ని అడగండి."

"టోకెన్ తీసుకుని నీళ్లకి లేచిన టైములో దాచేంత రహస్యం ఏముంటుంది?"

అక్క కట్టలో అన్నిటికంటే కింద ఉన్న ఒక కాగితం తీసి ఆయన బల్ల మీద, ఆయన వైపు తిప్పి పెట్టింది. "మీ గది పక్కన వేడినీళ్ల బాయిలర్ ఉంది కదా సార్. అది ఎప్పుడెప్పుడు వెలుగుతుందో లెక్కపెట్టడానికి దానికీ ఒక పెట్టె బిగించారు. నూట నలభై ఒకటో నంబరు. ఆ నీళ్లు మీరొక్కరే వాడతారు. ఇది నాలుగు నెలల గీత. నేను చెప్పను, మీరే చదువుకోండి."

ఆయన నవ్వుతూనే కాగితం తీసుకున్నాడు. వేలు గీత వెంట కొంతదూరం నడిచింది. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఉంచుకుని అడిగాడు.

"ఇది ఇంకెవరైనా చూశారా?"

"అచ్చు తీసింది నేనే సార్. కంప్యూటర్‌లోంచి తీసేశాను."

"మీరు చేసిందే ఇవ్వండి. సిబ్బంది ఆఫీసుకీ అదే కాపీ." తర్వాత, మేము గుమ్మం దాటుతుంటే, "అసలు గీతలు వారానికి మించి ఉంచకండి. పాత కాగితాలతో సహా తీసేయండి" అన్నాడు.

మెట్లు దిగుతుంటే ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాను. "ఏముందక్కా అందులో? ఏం చూశాడాయన?" నాలుగేళ్లయింది, ఇవాళ్టికీ చెప్పలేదు. ఈ మనిషి కడుపులో నూట నలభై ఒక్కమంది బతుకులున్నాయి. ఒక్కటి కూడా బయటికి పొక్కలేదు. నేనైతే రెండు రోజుల్లో పగిలిపోయేదాన్ని.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు అరవై మూడు పేరు తొమ్మిదోది. ఆ పిల్ల దూరం నుంచి చూసింది, దగ్గరికెళ్లి వేలితో తడిమి చూసింది, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లి మిషన్ ముందు కూర్చుంది. నేను పరుగున అక్క గదిలోకి వెళ్లాను. "ఇప్పుడు దాని గీత ఎలా ఉందో చూపించు!"

అక్క తెర ఆపేసింది. "ఆ పిల్లని ఒంటరిగా సంతోషపడనివ్వు" అంది.

ఇప్పుడు ఆ పిల్ల వరస సూపర్‌వైజరు. కూతురు బడికి వెళ్తోంది. ఇది రాస్తానని అడిగితే ముందు తెల్లబోయింది, తర్వాత ఏడ్చింది, తర్వాత సరే అంది.

పాత కాగితాలు తీసెయ్యడం ఆ జాబితా వచ్చిన వారంలోనే. చింపితే అతికించుకోవచ్చని, గుడ్డ దొంతరలు కోసే కత్తిమిషన్ మీద ముక్కలు చేద్దామంది అక్క. అలమార ఖాళీ చేసి కట్టలు అందించడం నా వంతు. ఒక కట్టకి తాడు తెగి కాగితాలు జారిపోయాయి. ఏరుతుంటే ఒక దాని మీద ఎనభై ఎనిమిది కనిపించింది. నా పాత నంబరు. చూడకుండా ఉండటం నా వల్ల కాదని ముందే చెప్పాను.

తేదీ ఆ వానాకాలంది. గీత పొద్దున మామూలుగానే లేచింది. తొమ్మిదిన్నరకి పడిపోయింది. లేచింది, సగం ఎత్తు కూడా అందుకోకుండా మళ్లీ పడింది. మధ్యాహ్నం లోపు ఐదుసార్లు. తర్వాత సాయంత్రం గంట దాకా నేలకి అంటుకున్నట్టు, వణుకుతూ పాకింది.

ఆరోజు నాకు రెండు నెలలు నిండి పది రోజులు. మా ఆయనకి కూడా చెప్పలేదు, కాస్త నిలదొక్కుకున్నాక చెబుదామనుకున్నాను. హాలు వెనక బాత్‌రూములో పోయింది. కడుపునొప్పి అని సూపర్‌వైజర్‌ని ఐదుసార్లు టోకెన్ అడిగాను. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరికీ అనుమానం రాకూడదని, రోజూలాగే బట్టలు నానబెట్టాను. నోట్లో నువ్వుగింజ నానని నేను ఆ ఒక్క సంగతీ రెండేళ్లు ఎవరికీ తెలియకుండా దాచుకున్నాననుకున్నాను.

కాగితం మూల, సూది మార్చాలనీ బెల్టు వెయ్యాలనీ రాసే చోట, ఆవిడ పెన్సిల్ రాత ఉంది. "బరువులు ఎత్తనివ్వకూడదు. మూడు వారాలు."

కత్తిమిషన్ చప్పుడు ఆగింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నా చేతిలో ఉన్నదేమిటో దూరం నుంచే పోల్చుకుంది. ఏమీ అనలేదు. నేనూ అనలేదు, నా బతుకులో మొదటిసారి. ఆ కాగితం దాచుకోవాలని ఎంతగానో అనిపించింది. కానీ అందరివీ పోతున్నప్పుడు నాదొక్కటి మిగలకూడదని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. లేచి వెళ్లి నా చేతులతోనే కత్తి కింద పెట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చాక బట్టలు ఉతికి, బకెట్ పట్టుకుని మేడ మెట్లు ఎక్కుతున్నాను. పైనుంచి అక్క దిగుతోంది. ఆగి, బకెట్ వైపు చూసి, మెట్ల మీద పడుతున్న నీటిచుక్కలు చూసింది.

"నీకు పిండటం రాదు" అంది.

"రాదక్కా" అన్నాను. "నువ్వే పట్టుకో."